పెనం అడుగు

తేరుబలిలో రాత్రి డ్యూటీ దిగి
సైకిలు స్టాండు వేసేసరికి ఏడు.
జుట్టులో మసి, నాలిక మీద ఇనుము రుచి.
సంచిలో టేకాకులో చుట్టిన తొడ ముక్క,
అడ్డకోత, బొటనవేలు మందం.
ఏ మాంసమని అడక్కండి,
అడగడానికి ఊళ్ళో వేరే మనుషులున్నారు.

ఉప్పు రాసి వదిలేశాను.
నేను నీళ్ళు పోసుకొచ్చేలోగా
అది తన చెమట తను కక్కుకుని
మళ్ళీ తనే తాగేస్తుంది.
అప్పుడు పాత లుంగీ గుడ్డతో ఒత్తి తుడవాలి.
తడి ముక్క ఉడుకుతుంది గానీ ఎర్రబడదు.

ఇదంతా గొర్లె దాలయ్య విద్య.
ఫర్నెస్ గెస్టుహౌసులో వంటమనిషి.
కొలిమి బిగించడానికి మంచుదేశం దొరలొచ్చిన ఏడు
రోజూ స్టేకు వండేవాడు,
నోరు తిరక్క ఇస్టేకు అనేవాడు.
నేను అంట్లు తోమే గుంటణ్ణి. పదమూడేళ్ళు.
పెనం అడుగున గోధుమరంగు పెచ్చు కట్టేది.
బూడిదా కొబ్బరిపీచూ పెట్టి
మోచెయ్యి లాగేదాకా రుద్ది
మొహం కనపడేట్టు తెచ్చి చూపించేవాణ్ణి,
మెచ్చుకుంటాడని.

ఓ రాత్రి పెనం నా చేతిలోంచి లాక్కున్నాడు.
“ఓరి ఎర్రోడా, రుచంతా గీరి
కాలవలో పోసేత్తన్నావేట్రా ఇన్నాళ్ళూ?”

పెనం మీద అరచెయ్యి ఎత్తి పట్టుకుంటే
మూడు లెక్కపెట్టేలోపు చెయ్యి వెనక్కి రావాలి.
అంత వేడి.
ముక్కని నీ వైపు నుంచి అవతలకి వాల్చు,
చిందితే గోడకి చిందుతుంది.
ఇంక ముట్టుకోకు.
ఇదే కష్టం. అట్లకాడ పట్టిన చెయ్యి ఊరుకోదు.
“అంటుకున్నాదని లాగీకు.
కాలితే అదే వదిలేత్తది” అనేవాడు.
ముక్క గురించే అన్నాడు.
నేనందులో ఇంకో అర్థం వెతకను.

తిప్పాక మూడు నిమిషాలు.
తీసి పళ్ళెంలో పెట్టి, ఇంకో పళ్ళెం బోర్లించి
దాని మానాన దాన్ని వదిలెయ్యాలి,
డ్యూటీ దిగినవాణ్ణి కాసేపు ఎవరూ పలకరించకూడదు చూడు,
అలాగ.

ఇప్పుడు పెనం.
నాలుగు చిన్నుల్లి, కోరాపుట్టు మిరియం కచ్చాపచ్చాగా.
దాలయ్య దొరల సీసాలోంచి ద్రాక్షసారా ఒలికించేవాడు,
ఒక గుక్క పెనానికి, ఒక గుక్క తనకి.
నా దగ్గర జీలుగు కల్లు.
కొండ దిగొచ్చిన డొంగ్రియా తాత
సొరబుర్ర అడుగున మిగిలింది గ్లాసులో వంపాడు,
అప్పటికే పులిసింది.
పోస్తే పెనం ఒక్క అరుపు.
చెక్క గరిటెతో గీరుతుంటే
మోచెయ్యి తనే గుర్తుపట్టింది,
అదే గీరుడు, అదే చెయ్యి.
పెచ్చు లేచి, కరిగి, కల్లు చిక్కబడి
నాగావళి కొత్తనీటి రంగు తిరిగింది.
పొయ్యి ఆపి వెన్నముద్ద.
పళ్ళెంలో ఊరిన ఎర్ర నీరు కూడా.

సబిత గుణుపురం పిల్ల.
గురువారం మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తెగదు.
ఇవాళ శుక్రవారం.
ముక్క పక్కకి నెట్టి, పళ్ళెం వంచి చూసింది.
“ఏటిది, ఝోళా? ఇంతేనా?
పిల్లికి పెడతన్నావా?”
సగం ఒడియాలో ఇంకేదో అంది, నాకు వినపడకుండా.
పెనం ముందుకి లాక్కుని
రెండు గుప్పెళ్ళ మరమరాలు పోసి కలిపి
అంచులూ అడుగూ తుడుచుకు తినేసింది.

దాలయ్య చూసుంటే కొట్టేవాడు,
నన్నో తననో తెలీదు.
బొబ్బిలి వెళ్ళిపోయాడన్నారు, పార్వతీపురం అన్నారు.
గెస్టుహౌసు సామాను వేలం వేసిన రోజు
ఈ పెనం నాకు ఎనభై రూపాయలకి పడింది.
పిడి కింద మేకుతో గీసిన ‘గొ.దా.’
ఇంకా ఉంది.

తోమాల్సిందేం మిగల్లేదు.
నీళ్ళు తిప్పి పారబోసి
పొయ్యి మీదే ఆరబెట్టాను.